తలారి బాప్తిస్మం

ఒకానొక కాలంలో రోము నగరాన్ని వరోనియస్ అనే చక్రవర్తి ఏలేవాడు. యుద్ధంలో చావు తప్పి గెలిచాక, క్రీస్తే తనను కాపాడాడని నమ్మి క్రైస్తవ మతంలోకి మారాడు. అంతటితో ఊరుకోలేదు. "ఆదివారానికల్లా నగరంలో అందరూ బాప్తిస్మం పుచ్చుకోవాలి. కాదన్నవాళ్ళ తల తీయండి!" అని చాటింపు వేయించాడు.

తాను మాత్రం ఆ ముచ్చట ముసలితనానికి వాయిదా వేసుకున్నాడు. బాప్తిస్మంతో అప్పటిదాకా చేసిన పాపాలన్నీ కొట్టుకుపోతాయట. రాజన్నాక ఇంకా ఎన్ని చేయాల్సి వస్తుందో!

ఆయన సభలో తెర్తియస్ అనే చతురుడు ఉండేవాడు. పుట్టు క్రైస్తవుడు. క్రీస్తును విడవనన్నందుకు పాత చక్రవర్తి అతని అన్న తల తీయించాడు. ఇప్పుడు తన దేవుడి పేరు మీదే కత్తి లేస్తుంటే తెర్తియస్‌కు ముద్ద దిగలేదు. ఒక్క మెడ కూడా తెగకూడదని పంతం పట్టాడు.

"ప్రభూ, ముందు తలారులకూ సైనికులకూ బాప్తిస్మం ఇప్పిద్దాం. జనానికి దారి చూపినట్టుంటుంది" అన్నాడు.

"భేష్! ఆ పని నువ్వే చూడు" అన్నాడు చక్రవర్తి.

నగరంలో కత్తి పట్టిన ప్రతివాణ్ణీ తెర్తియస్ దగ్గరుండి నీళ్ళలో దింపించాడు. మనిషి ప్రాణం తీయనని, బాప్తిస్మమిచ్చే గురువు చేత ఒక్కొక్కరితో ప్రమాణం చేయించాడు.

సోమవారం ఫుల్వియా అనే ముసలమ్మను సభకు పట్టుకొచ్చారు. సూర్యదేవుడి గుడిలో దీపాలు పెట్టే మనిషి.

"అరవై ఏళ్ళు కొలిచిన దేవుడికి ఇప్పుడు మొహం చాటేయలేను నాయనా" అంది.

"తల తీయండి!" గర్జించాడు చక్రవర్తి.

తలారి కత్తి కింద పెట్టాడు. "క్షమించండి ప్రభూ, ప్రాణం తీయనని ప్రమాణం చేశాను."

సైనికులూ కదల్లేదు.

"నా ఆజ్ఞనే ధిక్కరిస్తారా?"

"పాటిస్తున్నారు ప్రభూ" అన్నాడు తెర్తియస్. "బాప్తిస్మం పుచ్చుకోమన్నది తమరే కదా! ఆ ప్రమాణం లేకుండా కత్తి పట్టగలవారు ఇక తమరొక్కరే."

కత్తి తీసి రెండు చేతులా అందించాడు. ఆయన నిజంగా కొడితే? ఆ భయం ఉన్నా చేయి వెనక్కి తీయలేదు.

చక్రవర్తి కత్తి అందుకున్నాడు. ముసలమ్మ ముసుగు సవరించుకుని తల వంచింది.

"మెడ సన్నమే బాబూ, నీకట్టే శ్రమ ఉండదు."

ఎన్నో యుద్ధాలు చేసిన చేయి ఎంతకీ పైకి లేవలేదు. చివరకు చక్రవర్తి కత్తి పడేసి పకపకా నవ్వాడు.

"ఓరి తెర్తియస్! నా శాసనంతోనే నా చేతులు కట్టేశావే!"

ముసలమ్మను పల్లకీలో ఇంటికి పంపించాడు. తన ఉంగరం తెర్తియస్ వేలికి తొడిగి, కొత్త శాసనం అతణ్ణే రాయమన్నాడు.

తెర్తియస్ ఒకే వాక్యం రాశాడు: "ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోవచ్చు."

"శాసనమంటే ఇంతేనా? మరీ పొట్టిగా ఉందే!" అన్నాడు చక్రవర్తి.

"పొడుగైతే జనం మెడకు చుట్టుకుంటుంది ప్రభూ!"

చక్రవర్తి మళ్ళీ నవ్వి, ముద్ర వేశాడు.