బొట్టు లేని బీరువా

దుందుభి నామ సంవత్సరం, దసరా రోజులు. బావినీళ్లు తాగి ఊళ్లో పిల్లలు జబ్బుపడుతుంటే, రైతు పైడయ్య ఆ నీళ్లు సీసాలో పట్టుకుని విశ్వవిద్యాలయంలోని పర్యావరణ ప్రయోగశాలకు వెళ్లాడు.

"నీళ్లు పరీక్షించే యంత్రం కొత్తది. వాడితే పాడైపోతుంది," అన్నాడు ఆచార్య మార్కండేయులు, తాళం వేసిన అద్దాల బీరువా చూపిస్తూ. "ఇవాళ ఆయుధపూజ. ఎలాగూ వచ్చావు, అన్నిటికీ బొట్లు పెట్టు."

పైడయ్య త్రాసుకు పెట్టాడు, చీపురుకూ పెట్టాడు. బీరువా జోలికి పోలేదు.

పూజకు వచ్చిన ఉపకులపతి, "దాన్నెందుకు వదిలేశావయ్యా?" అని అడిగాడు.

"పూజ పనిచేసేవాటికి కదా బాబూ. అది ఇంకా పనిలోకి దిగలేదని అయ్యగారే చెప్పారు."

ఉపకులపతి నవ్వి, వచ్చిన పని కనుక్కుని, పైడయ్య చేతిలోని సీసా అందుకున్నాడు. సాయంత్రానికి నీళ్లలో దోషమేమిటో తేలింది, ఆ తర్వాత బావి బాగుచేయించారు. యంత్రం బయటికి తీయడానికి మాత్రం, తాళంచెవి ఎంత వెతికినా దొరక్క, బీరువా అద్దం పగలగొట్టవలసి వచ్చింది.