తిరుపాలు నీళ్ళసీసా

"మాస్టారూ, ఈ కడుపుమంట ఎంతదూరం పోతే చల్లారుతుంది?" అని గురవయ్య అడిగాడు. మౌలాలి మాస్టారు దానికి చెప్పిన జవాబు చాలా చిన్నది. రెండు ముక్కల్లో చెప్పేసి మీ దారిన మిమ్మల్ని పోనిస్తాను.

అయితే మాస్టారంటే ఎవరో ముందు చెప్పాలి. మా చుట్టుపక్కల ముప్పై ఊళ్ళలో ఆయన సన్నాయి మోగనిదే తాళి కట్టరు. మాజీ సర్పంచి గారు మాత్రం రెండో కూతురి పెళ్ళికి బ్యాండు మేళం పెట్టించారు. ఆ అల్లుడు ఆరేళ్ళుగా మామగారింట్లోనే భోంచేస్తున్నాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేననను. మాస్టారి దగ్గర రెండు నియమాలున్నాయి. శిష్యుడు ఎవడైనా సరే, రోజూ పొద్దున్నే చొక్కా విప్పి, తువ్వాలు నడుముకు బిగించి, కాలవ కట్ట మీద పరుగెత్తి రావాలి. ఊపిరి ముందు, రాగం తర్వాత. రెండోది, ఐసునీళ్ళు ముట్టకూడదు, గొంతు పట్టేస్తుంది. పోస్టుమాస్టరు గారబ్బాయి ఐస్‌ఫ్రూటు చీకుతూ దొరికిపోయాడు. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటున్నాడు. నాది మాత్రం బాగుచెయ్యలేకపోయాడు.

నేను చెప్పబోయింది గురవయ్య సంగతి. గురవయ్యా తిరుపాలూ పదకొండేళ్ళుగా మాస్టారి దగ్గరే ఉన్నారు. ఇద్దరికీ ముప్పై దాటాయి, పిల్లలున్నారు. తిరుపాలు ఒకే ఊపిరిలో పల్లవిని రెండుసార్లు తిప్పుతాడు. గురవయ్య అదే పల్లవికి మధ్యలో ఒక్కసారి గాలి పీల్చుకుంటాడు. వినేవాళ్ళకు తేడా తెలియదు. తెలిసేది గురవయ్యకే. తిరుపాలు కొత్త ఫ్యాను కొంటే, ఆ రోజు నుంచి గురవయ్య ఇంట్లో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నట్టు అనిపించేది. తిరుపాలుకు జ్వరమొస్తే చూడబోయి, డాక్టరు మంచివాడని విని దిగులుగా తిరిగొచ్చాడు.

ఆ ఏడు మాస్టారికి ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. పళ్ళు లేకపోతే ఊదే సన్నాయి పీక పెదవుల మధ్య నిలవదు. వాళ్ళ నాన్నగారి కాలం నాటి నల్లచేవ సన్నాయిని ఎవరో ఒకరికి ఇచ్చెయ్యాలి. ఎవరికి? ఊళ్ళో వేరే మాట లేదు. గురవయ్యకు వేరే ఆలోచనా లేదు. సరిగ్గా అప్పుడే ఒంగోలులో బీద రోగుల డయాలసిస్ కోసమని ఎవరో హాఫ్ మారథాన్ పెట్టారు. ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాలి. తిరుపాలు బావమరిది వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతాడు గనక తిరుపాలు పేరిచ్చాడు. గురవయ్య టీకొట్టు దగ్గర నలుగురిలో నవ్వాడు. "డబ్బు కట్టి మరీ ఎండలో పరుగెత్తే మనిషిని ఇప్పుడే చూస్తున్నానయ్యా!" ఆ మర్నాడే మాస్టారు అరుగు మీద కూర్చుని, "ఆ ఇరవై ఒక్క కిలోమీటర్లు నిలబడ్డ ఊపిరికి నా సన్నాయి ఇస్తాను" అన్నారు. గురవయ్య మొహం అప్పుడు చూడాల్సింది. నేను చూశాను. నవ్విన నోటితో మళ్ళీ పేరివ్వలేడు.

ఆ సాయంత్రమే, మొదట్లో నేను చెప్పిన ఆ కడుపుమంట ప్రశ్న అడిగాడు. మాస్టారు కాసేపు తువ్వాలుతో విసురుకున్నారు.

"ఆదివారం వాడితో ఒంగోలు వెళ్ళు. వాడి నీళ్ళసీసా నువ్వు మొయ్యి."

"నేనా మాస్టారూ? వాడి సీసానా?"

"అక్కడ ఐసునీళ్ళు పోస్తారట. వాడు తాగడు. దారిలో బోరింగు నీళ్ళు పట్టివ్వు."

గురవయ్య ఒప్పుకున్నాడు. మాస్టారి మాట మీద గౌరవంతో కాదు. తిరుపాలు ఎన్నో కిలోమీటరులో పడిపోతాడో దగ్గరుండి చూడొచ్చని. ఇది తర్వాత అతనే నాతో చెప్పాడు. ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పాడు.

మొదటి బస్సుకు వెళ్ళాం. నేనెందుకంటే, అక్కడ ఉప్మా ఉచితమని తెలిసింది. మైదానంలో ఒకమ్మాయి తిరుపాలుకు ఎర్ర బనీను ఇచ్చి, దాని రొమ్ము మీద నంబరు కాగితం పిన్నీసులతో గుచ్చింది. కాగితం వెనక గోరంత ముక్క ఏదో అంటించి ఉంది. "ఇది జాగ్రత్త అన్నయ్యా, మా కంప్యూటరుకు ఈ కాగితమే మీరు" అంది. పరుగు అయిదున్నరకు మొదలుకావాలి. జెండా ఊపవలసిన ముఖ్య అతిథి గారు ఏడున్నరకు వచ్చి, పొద్దున్నే లేవడం వల్ల కలిగే లాభాల మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. జెండా ఊపేసరికి ఎండ నెత్తికెక్కింది. తారు రోడ్డు మీద గాలి పెనం మీది ఆవిరిలా ఊగుతోంది.

తిరుపాలు పరుగెత్తాడు. పక్కనే గురవయ్య, రబ్బరు చెప్పులతో, చంకలో సీసాతో. "ఆయాసమొస్తోందా?" అని కిలోమీటరుకొకసారి అడిగేవాడు. "లేదురా" అంటే మొహం మాడ్చుకునేవాడు. పదో కిలోమీటరు దగ్గర తిరుపాలు ఆగి, "ఒరే గురవా, ఈ బనీను నన్ను ఉడకబెడుతోంది, కాస్త పట్టుకో" అని విప్పి అతని భుజం మీద పడేశాడు. కట్ట మీద పరుగెత్తే అలవాటు మరి. నంబరు కాగితం సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

పదహారో కిలోమీటరు దగ్గర రోడ్డు పక్కన బోరింగు కనిపించింది. గురవయ్య అటు తిరిగి, ఒక చేత్తో పంపు కొడుతూ సీసా నింపాడు. వెనక్కి తిరిగేసరికి తిరుపాలు లేడు. నిజానికి తిరుపాలు ఇరవై గజాల వెనక ఉన్నాడు. పిక్క పట్టేసి, పంక్చరు షాపు పట్టా కింద కూలబడి, ఆ షాపాయన ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. గురవయ్య మెడ కొంచెం అటు తిప్పితే కనబడేవాడు. కాని పదకొండేళ్ళుగా గురవయ్య మనసులో తిరుపాలు ఉండే చోటు ఒక్కటే.

"దొంగవెధవ, నన్నొదిలేసి ముందుకు పోయాడు!" అని పరుగు లంకించుకున్నాడు.

అయిదు కిలోమీటర్లు. మూడోదానిలో ఒక చెప్పు తెగింది, రెండో చెప్పును తనే విసిరేశాడు. చేతిలో నిండు సీసా ఉంది. చుక్క తాగలేదు. ముందెక్కడో తిరుపాలు దాహంతో పడిపోవాలి, పదిమంది చూస్తుండగా తను నోట్లో నీళ్ళు పొయ్యాలి. ఆ పని ఉండగా తన దాహం ఎవరికి కావాలి? భుజం మీద ఆ ఎర్ర బనీనుతోనే గీత దాటుతుంటే కింద పరిచిన పట్టా కుయ్‌మంది. ఇంకో అమ్మాయి వచ్చి మెడలో పతకం వేసింది.

"కంగ్రాచులేషన్స్ తిరుపాలు గారూ!"

"తిరుపాలు వచ్చేశాడా? ఎప్పుడు?"

"ఇప్పుడే సార్."

"నాకన్నా ముందా?"

"మీతోనే సార్" అని ఆ పిల్ల గ్లూకోజు నీళ్ళ కోసం పరుగెత్తింది, ఎండదెబ్బ అనుకుని.

ముప్పావు గంటకు పంక్చరు షాపాయన మోపెడ్ వెనక కూర్చుని తిరుపాలు వచ్చాడు. "ఏంట్రా గురవా, నీళ్ళు తెస్తానని అటే పోయావు?" అన్నాడు. గురవయ్య మెడలో పతకాన్ని చూసుకున్నాడు. దాని వెనక చీటీ మీద తిరుపాలు పేరుంది. సర్టిఫికెట్టు మీద తిరుపాలు పేరుంది. రెండు గంటల నలభై నిమిషాలని కూడా ఉంది. పతకాన్ని తేలును తీసినట్టు తీసి తిరుపాలు చేతిలో పెట్టాడు. బస్సులో నేనొక్కణ్ణే మాట్లాడాను, ఊరొచ్చేదాకా.

మర్నాడు మాస్టారి అరుగు ముందు ఊరంతా చేరింది. ఇస్త్రీ పెట్టె చొక్కా మీద వదిలేసి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. సర్టిఫికెట్టు తిరుపాలు చేతిలో ఉంది గనక సన్నాయి తిరుపాలుదేనని అందరం అనుకున్నాం. తిరుపాలు ఆ కాగితాన్ని మాస్టారి ముందు పెట్టి, "పరుగెత్తింది వీడు మాస్టారూ, నేను మజ్జిగ తాగాను" అన్నాడు.

మాస్టారు గురవయ్య వైపు చూశారు. "పంపు దగ్గర వాడు కనబడకపోతే ఎటు చూశావురా?"

"ముందుకండీ."

"వెనక్కి?"

మాస్టారు లోపలికి వెళ్ళి సన్నాయి తెచ్చి గురవయ్య చేతిలో పెట్టారు. "ఊపిరి నీదే. మాటంటే మాట."

ఇలా జరుగుతుందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు, ఈ మాట నేను అరుదుగా అంటాను. ఆ నెలలోనే గురవయ్య ఆ నల్లచేవ సన్నాయి మీద మూడు పెళ్ళిళ్ళు వాయించాడు. పల్లవి మధ్యలో గాలి పీల్చుకోవడం కూడా మానేశాడు. బాగా వాయించాడు, అబద్ధమెందుకు.

నాలుగో పెళ్ళి నుంచి వస్తూ మాస్టారి అరుగు దగ్గర ఆగాడు. సన్నాయిని గుడ్డలో చుడుతూ మెల్లగా అన్నాడు.

"మాస్టారూ, ఆ పతకాన్ని వాడు గోడకు మేకు కొట్టి మరీ తగిలించాడండీ. వీధిలోకి కనబడుతోంది. వచ్చినవాళ్ళంతా దాన్నే చూస్తున్నారు. పరుగెత్తింది నేను గదండీ."

మాస్టారు అతని కాళ్ళ వైపు చూశారు. కొత్త చెప్పులు వేసుకున్నాడు.

"ఆ పంపు దగ్గర పరుగు మొదలుపెట్టావు, ఇంకా ఆగలేదురా నువ్వు" అన్నారు.