గవరమ్మ విరగ్గొట్టిన సారె

ఏటికి వంతెన లేని కాలం. అడవి ఇళ్ల గడప దాకా ఉన్న కాలం. అనగా అనగా ఏటి అవతల మూడు పల్లెలు. ఎగువపల్లె, నడిమిపల్లె, దిగువపల్లె. దిగువపల్లె చివరింట్లో కుమ్మరి గవరమ్మ ఉండేది. మొగుడు పోయాక సారె తానే తిప్పి కుండలు చేసుకునేది. సారె అంటే తెలుసుగా, కుమ్మరి చక్రం. దాని మీదే ఆమె బతుకు.

ఒక ఏడాది ఏరు పొంగింది. ఇళ్లలో వంటపాత్రలన్నీ కొట్టుకుపోయాయి. పట్నంలో ధర్మసత్రం వాళ్లకి జాలేసింది. పాపం, మంచివాళ్లే, కాదనను. లోపల తెల్లగా కళాయి పూసిన రాగిగిన్నెలు తెచ్చి ఇంటింటికీ పంచారు. ఏడాదికోసారి వచ్చి చూసిపోతామన్నారు.

మనవాళ్ల సంగతి తెలిసిందేగా! దానమిచ్చినవాళ్ల కంటికి గిన్నె మాసి కనబడితే తలవంపులు అనుకున్నారు. ఆడవాళ్లు పోటీలు పడి ఇసుక పెట్టి, ఇటుకపొడి పెట్టి, లోపలా బయటా తోమారు. తోమగా తోమగా కళాయి పోయి ఎర్రరాగి తేలింది. అబ్బ, ఏం మెరుపో అని మురిసిపోయారు. అందులోనే చింతపండు పులుసు కాచారు. మిగిలింది అందులోనే ఉంచి మర్నాడు తిన్నారు. గవరమ్మ అల్లుడు అప్పలసామి, కుమ్మరింటి అల్లుడై ఉండీ, కుండని అటకెక్కించి గిన్నెని పొయ్యెక్కించాడు.

తర్వాత చావులు మొదలయ్యాయి. వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. ముందు పసిపిల్లలు పోయారు, తర్వాత బాలింతలు. సత్రం వాళ్లు మందు పంపారు, తగ్గలేదు. అమ్మవారికి జాతర చేశారు, తగ్గలేదు. ఏటినీళ్లు మానేసి చెలమనీళ్లు తాగారు, తగ్గలేదు.

నడిమిపల్లెలో ఉంటున్న గవరమ్మ కూతురు పైడమ్మ పోయింది. మనవరాలు నూకాలు మిగిలింది. అదీ రెండు ముద్దలు తిని కడుపు పట్టుకుంటోంది. గవరమ్మ ఒకటే అనుకుంది. కూతుర్ని ఎలాగూ తిరిగి తెచ్చుకోలేను, ఈ పిల్లనైనా దక్కించుకోవాలి.

ఆ పల్లెల్లో ఒక ఆచారం ఉండేది. చావింట్లో ఏం జరిగిందని అడగకూడదు. అడిగితే ఆ చావు అడిగినవాళ్ల వెంట వస్తుందని భయం. అందుకే ఎవరి ఏడుపు వాళ్లింట్లోనే ఉండిపోయింది. గవరమ్మ ఆ ఆచారాన్ని గట్టున పెట్టింది. గడప గడపకీ వెళ్లి కూచుంది.

"ఏం వండావమ్మా? దేంట్లో వండావు? ఎవరెవరు తిన్నారు?"

ఎగువపల్లెలో తలుపు వేసేశారు. నడిమిపల్లెలో ఆమె కూచున్నచోట పేడనీళ్లు చల్లారు. దిగువపల్లెలో బిడ్డ పోయిన తల్లి ఒకతి మాత్రం గోడకి చేరగిలబడి చెప్పింది.

"పులుసన్నం పెట్టాను పిన్నీ. చిలుము రుచి వస్తోందమ్మా అన్నాడు నా కొడుకు. నోరుమూసుకుని తినరా అన్నాను."

చెప్పి బావురుమంది. గవరమ్మా ఏడ్చింది. ఒకరు నోరు విప్పాక ఇంకొకరు విప్పారు. అందరిదీ ఒకటే మాట. పులుసు, గిన్నె, పులుపుకి రాగి మీద పట్టే చిలుము. పంపకంలో గిన్నె అందని నరసమ్మ ఇంట్లో మాత్రం పిల్లలు గుండ్రాళ్లలా తిరుగుతున్నారు. ఆవిడ మట్టికుండలోనే వండుతోంది. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

గిన్నె దించండి అంటే మాత్రం మగవాళ్లు వినలేదు. సొంత అల్లుడే ముందు అన్నాడు. "నీ కుండలు అమ్ముడుపోవట్లేదని గిన్నె మీద పడి ఏడుస్తున్నావత్తా."

సత్రం పెద్దాయనా వచ్చి అదే అన్నాడు. ఆ మాట మూడు పల్లెలూ పాకింది. మనసు విప్పి చెప్పిన ఆడవాళ్లే మళ్లీ అనుమానంలో పడ్డారు.

అప్పుడు గవరమ్మ ఏం చేసింది? సారెని దొర్లించుకుంటూ నడిమిపల్లె వీధిలోకి తెచ్చింది. అందరూ చూస్తుండగా గొడ్డలితో ముక్కలు చేసింది.

"ఇక ఈ చేత్తో కుండ చెయ్యను. ఒట్టు. ఇప్పుడు చెప్పు నాయనా, నాకేం లాభం? నా నూకాలికి మట్టికుండలో వండిపెట్టు, అంతే."

అప్పలసామి తలెత్తలేకపోయాడు. ఇంటికెళ్లి గిన్నె దించేశాడు. అతన్ని చూసి పక్కిల్లు, పక్కింటిని చూసి పల్లె. కుండలు ఏటి ఇవతల సంతలో కొనుక్కున్నారు. చావులు ఆగాయి. నూకాలు బతికింది. "మిమ్మల్ని అడక్కుండా ఇచ్చాం" అని సత్రం పెద్దాయన గిన్నెలు వెనక్కి తీసుకెళ్లాడు.

కథ ఇక్కడ ఆపితే బాగుండును. ఆపితే అబద్ధం చెప్పినట్టే.

వానాకాలం వచ్చింది. చేతిలో పని లేని గవరమ్మ ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. చెయ్యి చాచడం ఆమెకి చేతకాదు. అల్లుడు పెడుతున్నాడులే అనుకున్నారు దిగువపల్లె వాళ్లు. పక్కవాళ్లు పెడుతున్నారులే అనుకున్నాడు అల్లుడు. ఊరు చూసుకుంటుందిలే అనుకున్నారు సత్రం వాళ్లు. ఇంటింటికీ వెళ్లి ఏం వండావమ్మా అని అడిగిన మనిషిని, నువ్వేం వండుకున్నావని ఒక్కరూ అడగలేదు. వాన తెరిపిచ్చాక తలుపు తోస్తే చాప మీద ముడుచుకుని ఉంది. ప్రాణం పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు.

ఇప్పటికీ ఆ మూడు పల్లెల్లో చావింటికి వెళ్లినవాళ్లు గడప మీద కూచుని, ఏం జరిగిందో చెప్పమ్మా అంటారు. ఎవరైనా దానం తెస్తే, ముందు ఇల్లిల్లూ తిరిగి అడిగి రండి అంటారు. పొద్దుగూకే వేళ ఒంటరిగా ఉండేవాళ్ల ఇంటి ముందు ఎవరో ఒకరు ఆగి పిలుస్తారు.

"గవరమ్మా, పొయ్యి వెలిగించావా?"

లోపలున్నది ఆడైనా మగైనా, ఆ పూటకి గవరమ్మే. జవాబు రాకపోతే తలుపు తోసుకుని లోపలికి వెళ్తారు.