మినుకు, భూమమ్మ దడి

కాలు నా మీద వేయకు చిన్నీ, బరువు. ఊఁ కొడుతూ వింటేనే చెబుతాను. మధ్యలో ప్రశ్నలేశావో, ఆపేస్తాను.

అనగనగా ఒక ఊరు. మనూరు కాదులే, సూర్యుడి ఊరు. అక్కడ చెట్టు లేదు, నీడ లేదు, ఎటు చూసినా మంటే. ఆ ఊళ్ళో సూర్యుడికి లెక్కలేనంతమంది నిప్పురవ్వల పిల్లలు. అందరిలోకీ చిన్నది మినుకు.

ఒకనాడు మినుకు దూరంగా ఒక నీలం బంతిని చూసింది. "నాన్నా, అదేంటి?" అంది. "అది భూమి తల్లీ. అక్కడ చల్లగా ఉంటుందట" అన్నాడు సూర్యుడు. చల్లగా అంటే ఏమిటో పాపం ఆయనకీ తెలీదు. అప్పట్నించీ మినుకుకి అదే ధ్యాస. ఆ తర్వాత ఒకరోజు నాన్న చెయ్యి విడిపించుకుని బయల్దేరింది.

మన భూమమ్మ తక్కువదా? ఇంటిచుట్టూ కంటికి కనపడని దడులు రెండు కట్టుకుంది. ఫ్రిజ్జుకి నీ అయస్కాంతం చిలక అంటుకుంటే ఊడదు చూడు, ఆ పట్టుతో కట్టిన దడులు. మినుకు వచ్చి వాటిలో చిక్కుకుపోయింది.

"భూమమ్మా, లోపలికి రానా?"

"మండే ఒంటితో వచ్చావు. నీ వేడికి నా పిల్లలు కమిలిపోతారే. అక్కడే ఆడుకో."

అప్పుడు మినుకు ఉత్తరం కొసకి పరిగెత్తింది. అక్కడ దారి లేదు. వెనక్కి తిరిగి దక్షిణం కొసకి పరిగెత్తింది. అక్కడా లేదు. కింద సముద్రం కనిపిస్తుంది, వాన కనిపిస్తుంది, ఒక్క చుక్క మీద పడదు.

ఆ తర్వాత మళ్ళీ అడిగింది. "ఇంకా చల్లారలేదు తల్లీ" అంది భూమమ్మ. ఆవిడకీ జాలే. పిల్లలు గలది, ఏం చేస్తుంది?

మూడోసారి మినుకు అడగనే లేదు. ఇటు చూస్తే చేరలేని నీళ్ళు. అటు చూస్తే వెళ్ళలేని నాన్న. పరిగెడుతూనే ఏడ్చింది.

అక్కడ సూర్యుడికీ బెంగ పట్టుకుంది. గుండెలోంచి పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఆ గాలి వచ్చి తగిలితే దడులు రెండూ ఊగిపోయాయి. దక్షిణం కొసన, మంచుదేశం మీద, చిన్న కంత పడింది.

"ఆగవే పిల్లా! నా గాలి తగిలితే నీ మంటంతా వెలుగైపోతుంది. మళ్ళీ మినుకువి కాలేవు" అంది భూమమ్మ.

"కాకపోతే పోయె. ఒక్కసారి చల్లగా ఉంటే చాలు" అని దూకేసింది.

అప్పుడు ఆకాశం నిండా ఆకుపచ్చ వెలుగు, ఆరేసిన చీరలా ఊగింది. కింద మంచులో ఒకావిడ తలెత్తి చూస్తూ నిలబడిపోయింది. కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి, ఏడాది పనికని అక్కడికి వెళ్ళింది ఆవిడ.

"మా అమ్మ!"

చూశావా, ఊఁ కొట్టమంటే అరుస్తావు. అవును, మీ అమ్మే. పొద్దున ఫోన్లో చెప్పింది. ఆ వెలుగు చూస్తే నిన్ను చంకనేసుకుని చూపించాలనిపించిందట. కళ్ళలో నీళ్ళు తిరిగాయట.

"మరి మినుకు చల్లబడిందా అమ్మమ్మా?"

మీ అమ్మ కళ్ళ తడిలో మెరిసింది కదే. అమ్మ చూపు కన్నా చల్లనిది ఏముంది?

ఏడవకు. నాకూ మీ అమ్మని చూడాలనే ఉంది. ఆ మంచు కరిగి ఓడ వెళ్తేగానీ రాలేదు. ఇలా దగ్గరికి రా. కాలు వేసుకో, పర్లేదు.

కథ వెళ్ళె కంచికి,
మినుకు చేరె మంచుకి,
అమ్మ రావాలి ఇంటికి,
నిద్ర రావాలి కంటికి.