సాయిలు తల్లి పేరు

నవతకు మూడు క్రెడిట్లు తక్కువ పడ్డాయి.

నాలుగేళ్ళ డిగ్రీకి మొత్తం నూట అరవై కావాలి. ఆమెకు వచ్చినవి నూట యాభై ఏడు. కాలేజీ ఆఫీసు గోడకు అంటించిన జాబితా ముందు ఆ వారంలో ఎన్నిసార్లు నిలబడిందో లెక్కలేదు. తను రాసుకున్న కాగితంతో పోల్చి, వేలు పెట్టి కూడేది. మళ్ళీ మొదటినుంచి కూడేది. ఎటు కూడినా మూడు తక్కువే.

ఆమె చదివింది దక్కను చరిత్ర, సంస్కృతి. పాలమూరు జిల్లాలోని ఆ కాలేజీలో ఆ కోర్సు పెట్టి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆ బ్యాచీలో ఏడుగురే. నియమాలు మాత్రం బారెడు. చరిత్ర పేపర్లు, సాహిత్యం, శాసనాలు, జానపద కళలు. నెల రోజులు ఊళ్ళు తిరిగి రాసే నివేదిక ఒకటి. ఇవికాక, ఈ నేల మీద తెలుగుతోపాటు నడిచిన మరో భాష ఏదైనా నాలుగు సెమిస్టర్లు చదవాలి. నవత ఉర్దూ తీసుకుంది. తొంభై ఒక్క మార్కులు తెచ్చుకుంది.

అన్నీ అయిపోయాక జాబితా అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస మిగిలింది. తీసుకున్న భాషలో చేతిరాత కాగితం చదవగలరని, ఆ భాష చెప్పిన గురువు సంతకం పెట్టాలి. దానికి మూడు క్రెడిట్లు. పరీక్ష లేదు. సిలబస్ లేదు. గురువుకు నమ్మకం కుదరాలి, అంతే.

పరీక్షైతే నవతకు భయం లేదు. ఎన్ని పాఠాలో, ఎన్ని ప్రశ్నలో తెలుస్తాయి. ఈ 'నమ్మకం' అన్నదానికి ఏం చదవాలో ఎక్కడా రాసిలేదు.

ఉర్దూ చెప్పేది యాకూబ్ సారు. డెబ్బై దాటిన మనిషి. ఎప్పుడో రిటైరైతే, చెప్పేవాళ్ళు దొరక్క మళ్ళీ పిలిపించుకున్నారు. లైబ్రరీ వెనకగదిలో కూర్చునేవారు. మాట తక్కువ.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన బీరువాలోంచి ఒక పాత ఉత్తరం తీసి ఇచ్చారు. నవత తడుముకోకుండా చదివింది. అర్థంకాని చోట ఆగితే ఏమనుకుంటారోనని, ముందువెనకలు చూసి సరిపోయే మాట వేసుకుంటూ పోయింది. ఆయన చివరిదాకా విన్నారు. "ఇంకా కొన్నాళ్ళు చదువు బిడ్డా" అని ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. రెండోసారి ఇంకా జోరుగా చదివింది. మళ్ళీ అదే మాట. తప్పెక్కడ జరిగిందో ఆయన చెప్పలేదు, ఆమెకు అడిగే ధైర్యం చాలలేదు.

ఇంతలో హైదరాబాదులో ఎం.ఏ. సీటు వచ్చింది. సోమవారం డిగ్రీ పూర్తయినట్టు కాగితం చూపించకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. నవత నాన్న ఆర్టీసీలో కండక్టరు. బిడ్డకు సీటొచ్చిందని డిపో అంతా చెప్పుకున్నాడు. ఆయన సంతోషం చూసినకొద్దీ ఆమెకు గుబులు పెరిగింది. మూడు క్రెడిట్ల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

శనివారం వచ్చింది. సాయంత్రం ఐదింటికి పేర్లన్నీ యూనివర్సిటీకి పంపేస్తామని, ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదని ఆఫీసు గుమాస్తా ముందే చెప్పాడు. రెండు గంటలకు నవత ఫారం పట్టుకుని లైబ్రరీ వెనకగదికి వెళ్ళింది. యాకూబ్ సారు పేపరు చదువుతున్నారు. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలు గుమ్మంలోనే జారిపోయాయి.

"సార్, ఏం చదివి రమ్మంటారో చెప్పండి. ఎన్ని పేజీలైనా సరే. అవే చదువుకొని వస్తా."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కుర్చీ చూపించారు. ఆమె ఫారం బల్ల మీద పెట్టి కూర్చుంది. ఆయన ఏమంటారా అని చూస్తుండగానే గుమ్మంలో దగ్గు వినిపించింది.

ఒక ముసలాయన. తెల్లపంచె, భుజాన తువ్వాలు, చంకలో ప్లాస్టిక్ సంచి. ఇట్లాంటివాళ్ళు ఆ గదికి రావడం కొత్త కాదు. నిజాం కాలంలో సర్కారు కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచాయి కాబట్టి, పాతపెట్టెల్లో దొరికినవి పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సారు దగ్గరికి వస్తూనే ఉంటారు. ఆయన చదివి అందులో ఏముందో చెప్పి పంపుతారు. ఇంకో రోజైతే నవత కూడా ఆసక్తిగా వినేది. ఆ రోజు మాత్రం గోడ గడియారం వైపు చూసింది.

ముసలాయన పేరు సాయిలు. గొర్లు కాసిన మనిషి. వయసు ఎనభైకి దగ్గర. కూర్చోమంటే నేల మీదే కూర్చోబోయాడు. సారు లేచి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఊపిరి తీసుకుని తన సంగతి చెప్పుకొచ్చాడు.

అతనికి ఏడాది నిండకముందే తల్లి జ్వరంతో పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినామె మంచిదే, కడుపులో పెట్టుకుని సాకింది. కానీ ఆ ఇంట్లో పోయినామె పేరు ఎవరూ ఎత్తలేదు. తండ్రిని అడిగితే లేచి బయటికి పోయేవాడట. ఊళ్ళోవాళ్ళకు ఆమె లచ్చయ్య పెండ్లాం, ఆ తర్వాత సాయిలు తల్లి. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళంతా ఒక్కొక్కరే పోయారు. ఏటా పెత్రమాస నాడు పెద్దల పేరిట బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు పేర్లు అడుగుతాడు. తండ్రి పేరు చెప్పేవాడు, సాకినతల్లి పేరు చెప్పేవాడు. కన్నతల్లి దగ్గరికి వచ్చేసరికి మాట ఆగేది. అయ్యగారే ఏదో సర్ది మంత్రం చదివేవాడు.

మొన్న పాత ఇల్లు విప్పుతుంటే దూలం సందున రేకుడబ్బా దొరికింది. అందులో ఈ కాగితం ఉంది. దవాఖానా ముద్రలాగ ఉందని ఊళ్ళో ఎవరో అన్నారు. పెత్రమాస ఇంకా పది రోజులే. తనకూ ఈ నడుమ ఒంట్లో బాగుండటం లేదు.

"నేను పోయేలోపు నన్ను కన్న మా అవ్వ పేరు నా కొడుకులకు తెల్వాలె సాబ్" అన్నాడు.

యాకూబ్ సారు చెయ్యి చాచి కాగితం అందుకున్నారు. మడతలు విప్పి బల్ల మీద పరిచారు. తర్వాత కళ్ళద్దాలు తీసి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బా జేబులో వేసుకున్నారు.

"ఈమె చదువుతది" అని కాగితం నవత ముందుకు జరిపారు.

ఇదే పరీక్షేమో అనుకుంది నవత. వంగి చూసింది. పైన ముద్ర. సర్కారీ దవాఖానా. అది తేలిగ్గానే చదివింది. కింద ఊరి పేరు. భర్త పేరు లచ్చయ్య. వయసు ఇరవై. జ్వరం. నిజాం లెక్కలో తారీఖు, పదమూడు వందల యాభై ఏడు ఫసలీ, బహమన్ నెల. మన లెక్కలో పంతొమ్మిది వందల నలభై ఏడు చివర. ఒక్కొక్కటి చదువుతుంటే ముసలాయన తల ఊపుతున్నాడు. ఆమె గొంతులో జోరు పెరిగింది. పేరున్న చోటికి వచ్చింది. అదే జోరులో చదివేసింది.

"పిచ్చమ్మ."

"పిచ్చమ్మ" అన్నాడు సాయిలు. మళ్ళీ అన్నాడు, ఈసారి మెల్లగా, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. సంచిలోంచి చిన్న ఫోను తీసి, పెద్దకొడుక్కు కలిపియ్యమని నవత చేతికిచ్చాడు. ఇప్పుడే చెప్తానన్నాడు.

నవత ఫోను అందుకుంది. కొడుకు నంబరు వెతుకుతూ, ఊరికే ఇంకోసారి కాగితం వైపు చూసింది.

చెయ్యి ఆగిపోయింది.

ఉర్దూలో పిచ్చమ్మ అని రాసినా, బుచ్చమ్మ అని రాసినా అక్షరాల ఆకారం ఒక్కటే. 'ఇ', 'ఉ'లు మామూలుగా రాయరు. మొదటి అక్షరం కింద ఒక చుక్క ఉంటే 'బ', మూడుంటే 'ప'. ఈ కాగితం రాసినవాడు తొందరలో చుక్కలన్నీ ఒకేచోట గుప్పించాడు. పక్కనున్న 'చ'కు ఉండే మూడు చుక్కలు కూడా వాటిలోనే కలిసిపోయాయి. పైగా ఏనాటి చెమ్మో తగిలి సిరా అలుక్కుపోయింది. అక్కడ నాలుగు చుక్కలున్నాయో, ఆరున్నాయో.

ఆమె చదవలేదు. నోటికి ముందు వచ్చిన పేరు చెప్పింది.

సారు వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. గడియారంలో మూడు దాటింది. ముసలాయన ఫోను కోసం చెయ్యి చాచి ఉన్నాడు. ఊరుకుంటే ఏమవుతుంది? ఈయనకు ఒక పేరు దొరికింది, సంతోషంగా పోతాడు. అది తప్పని చెప్పగలిగినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. తెలియదంటే, సంతకం పెట్టాల్సిన మనిషి ఎదుటే అన్నట్టవుతుంది. నాన్న ముఖం గుర్తొచ్చింది.

ఒక్కసారి ఫోను కలిపిందంటే ఆ పేరు ఊరికి వెళ్ళిపోతుంది. ఏటేటా పెత్రమాసకు అదే పేరు. ఈయన మనవళ్ళకూ అదే.

నవత ఫోను బల్ల మీద పెట్టింది.

"తాతా, నేను తప్పు చెప్పిన కావచ్చు" అంది. "పిచ్చమ్మ కావచ్చు, బుచ్చమ్మ కావచ్చు. చుక్కలు కలిసిపోయినయి. నాకు తెలుస్తలేదు."

చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి ముసలాయన దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. సారు వైపు తిరిగాడు.

యాకూబ్ సారు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు. కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. వెలుగుకు అటూ ఇటూ వాల్చి చూశారు. సొరుగులోంచి భూతద్దం తీసి మళ్ళీ చూశారు. చాలాసేపు. నవత తలవంచుకుని కూర్చుంది. ఆయన నోట అసలు పేరు వస్తుందని, తన పని అయిపోయిందని అనుకుంది.

ఆయన వచ్చి కాగితం ఆమె ముందు పెట్టారు.

"నాకు గూడ తెలుస్తలేదు బిడ్డా."

నవత తలెత్తి చూసింది. ఆయన ముఖంలో సిగ్గూ లేదు, విచారమూ లేదు.

ఆమె ఫారం మీద ఆయన సంతకం ఎప్పుడు పెట్టారో ఆమె చూడలేదు. ఐదింటికి పది నిమిషాలుందనగా ఆఫీసులో ఫారం తీస్తే సంతకం ఉంది, కింద తారీఖు ఉంది. సోమవారం నాన్నతో కలిసి హైదరాబాదు బస్సు కూడా ఎక్కింది. అవన్నీ తర్వాతి మాటలు. అప్పుడు, ఆ గదిలో, ఆమె కళ్ళు ముసలాయన మీదే ఉన్నాయి.

సాయిలు కాగితాన్ని దగ్గరికి జరుపుకున్నాడు. తనకు చదవరాని ఆ చుక్కల మీద బొటనవేలు ఆనించాడు.

"అయితె రెండు పేర్లూ తెలుగుల రాసియ్యి బిడ్డా" అన్నాడు. "రెండు పేర్ల మీదా బియ్యమిస్త. ఒకామె మా అవ్వ. ఇంకొకామెకు ఇచ్చెటోళ్ళు ఉన్నరో, లేరో."

నవత తెల్లకాగితం తీసింది. పెన్ను ఆనించబోయి ఆగింది. ఏ పేరు ముందు రాయమంటావని అడిగింది.

"తల్లులల్ల ముందేంది, ఎనకేంది?" అన్నాడు సాయిలు. "పెద్దగ రాయి. మా అయ్యగారికి చూపు ఆనదు."

నవత కాగితాన్ని అడ్డంగా తిప్పింది. రెండు పేర్లూ ఒకే వరుసలో, పక్కపక్కన రాసింది.