ఫాలిన్ పిలవని ఆదివారం

పండిట్‌జీని ప్రశ్న అడిగినవాడికి జవాబుకు బదులు ఏదో ఒక పని దొరికేది. కోపం ఎలా తగ్గుతుందని అడిగిన జవాన్ల వంటశాల వంటవాడికి వారం రోజులు దీపాల వత్తులు చేసే పని పడింది. ఆ తర్వాత అతను మళ్లీ అడగలేదు. కోపం తగ్గి అడగలేదో, వత్తులకు భయపడి అడగలేదో ఎవరికీ తెలియదు.

ఆయన అసలు పేరు పిడపర్తి సోమయాజులు. సైన్యంలో పటాలాలకు మతగురువులుంటారు. యూనిఫాం ఉంటుంది, హోదా ఉంటుంది, చేసే పని మాత్రం పూజ. తెలుగు జవాన్లు ఎక్కువగా ఉన్న ఒక పటాలానికి ఆయన గురువు. ఆ రోజుల్లో పటాలం హిమాలయాల దిగువన ఒక కంటోన్మెంటులో ఉండేది. తీరిక దొరికినప్పుడల్లా కెప్టెన్ వెలగా ప్రణీత్ ఆయన దగ్గరికి వచ్చి గీత చదువుకునేవాడు. కుర్రవాడు చురుకైనవాడు. ఎవరూ అప్పగించకుండానే పని నెత్తిన వేసుకునే రకం. ఏ విషయమైనా అంకెల్లోకి మార్చి చూస్తే తప్ప నమ్మేవాడు కాదు.

ఒక శనివారం సాయంత్రం అతను పుస్తకం తెరవకుండానే అడిగాడు. "పండిట్‌జీ, అందరూ ఒకే మాట చెబితే అది నిజమే అనుకోవచ్చా?"

అడగడానికి కారణం ఉంది. మంచు కొండల మీద వాడటానికి కొత్త రకం బూట్లు వచ్చాయి. పెద్ద ఎత్తున కొనేముందు కొన్నాళ్లు తొడిగి చూడమని ఆ పటాలానికి పంపారు. ఆ పరీక్ష బాధ్యత ప్రణీత్‌ది. అతని కాలి సైజు వాటిలో లేదు కాబట్టి అతను తొడగలేదు. ఒక ప్లాటూనుకి ఇచ్చి, రాళ్ల దారుల్లో నడిపించి, తడిలో నిలబెట్టి, ప్రతి మనిషినీ పేరు పేరునా అడిగాడు. బరువుకి ఎన్ని మార్కులు, పట్టుకి ఎన్ని, వెచ్చదనానికి ఎన్ని. అందరూ పదికి తొమ్మిది వేశారు. సోమవారం అతను సంతకం చేస్తే, ఆ వారంలోనే కంపెనీ మొత్తం ఆ బూట్లతో పై పోస్టులకు ఎక్కుతుంది. అక్కడ మడమ మీద చిన్న పుండు లేచినా చలికి మానదు. మానని పుండుతో మంచులో కాపలా కాసినవాడు కాలి వేళ్లతో తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు.

తొమ్మిది మంచి అంకే. కానీ పొడుగువాడూ తొమ్మిదే, పొట్టివాడూ తొమ్మిదే. ఎవరిని అడిగినా తేడా రాలేదంటే తాను కొలిచింది బూట్లను కాదేమోనని ప్రణీత్‌కి అనుమానం. అయినా పరీక్ష సవ్యంగా జరిగింది, అబద్ధం చెప్పే మనుషులు కారు వాళ్లు. శుక్రవారమే కమాండింగ్ ఆఫీసరుతో బూట్లు భేషుగ్గా ఉన్నాయని చెప్పేశాడు కూడా.

పండిట్‌జీ అంతా విని, సత్యం గురించి ఒక్క శ్లోకమూ చదవలేదు. "రేపు ప్రసాదం అయ్యాక ఫాలిన్ పిలవనివ్వకండి సార్. ఎవరికి వెళ్లాలనిపించినప్పుడు వాళ్లు వెళ్తారు. మీరు బూట్ల దగ్గర నిలబడండి, చాలు" అన్నాడు.

ఆదివారం మందిర్ పరేడ్. కంపెనీ వరుసగా వచ్చి, గుడి మెట్ల కింద బూట్లు జతలు జతలుగా పేర్చి, లోపల కూర్చుంటుంది. చలి ప్రాంతం కాబట్టి ఉన్ని సాక్సులు ఉంచుకోవచ్చు. భజన, హారతి, ప్రసాదం అయ్యీ కాకముందే హవల్దారు వరుసలోకి రమ్మని ఫాలిన్ కేక వేస్తాడు. ఆ కేకతో బూట్లలోకి కాళ్లు వెళ్లిపోతాయి, లేసులు బిగిసిపోతాయి, వరుస కట్టేస్తారు. ఏళ్ల తరబడి ఇదే వాడుక. ఆ రోజు హవల్దారు దుక్క లోకనాథం కేక కోసం ఊపిరి పీల్చుకుంటుండగా ప్రణీత్ చెయ్యెత్తి వద్దన్నాడు. ఇవాళ ఎవరి తీరిక వాళ్లదే అన్నాడు. లోకనాథం పీల్చిన ఊపిరి ఏం చేయాలో తెలియక మెల్లిగా వదిలాడు.

పాతవి నల్ల బూట్లు, కొత్తవి గోధుమరంగువి. ప్రణీత్ వాటి పక్కన నిలబడ్డాడు. ముందు నల్ల బూట్ల వాళ్లు దిగారు. ఆదివారం, పైగా కేక లేదు, క్యాంటీను తెరిచే వేళ. కాసేపట్లో ఆ వరుస ఖాళీ అయిపోయింది. గోధుమరంగు వరుసలో ఒక్క జత కూడా కదలలేదు.

లోపల మాత్రం సందడిగా ఉంది. ఒకడు గుడి ఊడుస్తానని చీపురు పట్టుకున్నాడు. ఇద్దరు గంట తోముతున్నారు. మరికొందరు ఆవరణలో గచ్చు మీద ఎండ పడేచోట కాళ్లు చాపుకుని ఊరి కబుర్లలో పడ్డారు. రాత్రి కురిసిన మంచు నీడపట్టున గచ్చు మీద ఇంకా తెల్లగానే ఉంది. దాని మీద నడిచి నడిచి సాక్సులు తడిసిపోతున్నా ఎవరికీ పట్టలేదు. వెళ్లిపోతున్న నల్ల బూట్ల లాన్స్ నాయక్ ఒకడు వెనక్కి తిరిగి, "ఏట్రా, అందరూ సన్నాసం పుచ్చేసుకున్నారేటి?" అన్నాడు. "నీకు దేవుడెలాగూ అక్కర్లేదు, నువ్వు పోరా" అని లోపలినుంచి జవాబు వచ్చింది. ఇంకొకడు మూడోసారి ప్రసాదం అడిగి, ఇవాళ పులిహోర బాగా కుదిరిందని మెచ్చుకున్నాడు. ప్రతి ఆదివారం వండే వంటవాడే, అదే పులిహోర.

తన ప్లాటూనులో భక్తి పెరిగిందని ప్రణీత్ మొదట ముచ్చటపడ్డాడు. విడివిడిగా చూస్తే ప్రతివాడికీ ఆగిపోవడానికి ఒక కారణం ఉంది. కానీ ఆ కారణాలన్నీ ఒకే రంగు బూట్ల వాళ్లకే వచ్చాయి. లెక్క తెలిసినవాడు దాన్ని ఎంతోసేపు చూడనక్కర్లేదు.

కొత్త బూట్లు తొడిగినవాళ్లలో ఒకడైన లోకనాథాన్ని అతను పిలిచాడు. లోకనాథం పరుగున వచ్చి, మంచు గచ్చు మీద తడి సాక్సులతో సావధాన్‌గా నిలబడ్డాడు.

"కొత్త బూట్లు ఎలా ఉన్నాయి లోకనాథం?"

"చాలా బాగున్నాయి సార్."

తొడుక్కోమని అంటే వెంటనే తొడుక్కుంటాడని ప్రణీత్‌కి తెలుసు. అందుకే అనలేదు. మెట్టు మీద కూర్చోమని, సాక్సు తీయమన్నాడు. లోకనాథం ఒకసారి లోపలున్న తన మనుషుల వైపు చూశాడు. చీపురు ఆగింది. సాక్సు వేళ్ల దగ్గర వదులుగానే ఉంది, మడమ దగ్గర మాత్రం రానంది. ఉన్ని పుండుకి అంటుకుపోయింది. పండిట్‌జీ అభిషేకానికి కాచిన గోరువెచ్చని నీళ్లు చెంబుతో తెచ్చి వంగబోతే, లోకనాథం కాలు లాగేసుకున్నాడు, మీరు నా కాళ్ల మీద నీళ్లు పోస్తే నాకు పాపం తగులుద్దని. అప్పుడు ప్రణీత్ చెంబు అందుకుని తానే పోశాడు. ఈసారి లోకనాథం కాలు లాక్కోలేదు. ఆఫీసరు పని అడ్డుకోవడం అతనికి నేర్పలేదు.

ఉన్ని నానింది. మడమ వెనక చర్మం లేదు. రెండో కాలూ అంతే.

ఎందుకు చెప్పలేదని ప్రణీత్ అడిగాడు. గొంతులో కోపం లేకపోలేదు. లోకనాథం దోషిలా తల దించుకున్నాడు.

"బూట్లు మంచివే సార్. మా కాళ్లే ఇంకా అలవాటు పడలేదు."

అతను దాచడానికి అలా అనలేదు. చేరిన మొదటి రోజునుంచీ బూటు కరిస్తే తప్పు కాలిదేనని విన్నవాడు, తర్వాత వచ్చినవాళ్లకి తానూ అదే చెప్పినవాడు. విడమరిచి అడిగితే మిగతాదీ బయటికి వచ్చింది. కెప్టెన్ సాబ్ ఈ పరీక్ష కోసం ఎండా వానా చూడకుండా తమతో నడిచాడు. ఎవడైనా నసిగి ఆయన మాట పోగొట్టకూడదని లోకనాథమే ప్లాటూనుకి చెప్పాడు. పైగా కాళ్లు బాగాలేవని తెలిస్తే డాక్టరు పై పోస్టుకి ఎక్కనివ్వడు. స్నేహితులందరూ ఎక్కుతుంటే కింద మిగిలిపోవడం కన్నా మడమ పోవడం నయమని ఒక్కొక్కడూ విడిగా అనుకున్నాడు. పదికి తొమ్మిది అన్న మాట మాత్రం ఎవరూ కూడబలుక్కోలేదట. పది వేస్తే అతిగా ఉంటుందని ఎవరికి వారికే తోచింది.

ప్రణీత్ బ్యారక్కులకు బండి పంపి, ప్లాటూను పాత బూట్లు గుడి మెట్ల దాకా తెప్పించాడు. వైద్యుణ్ని రమ్మని కబురు పెట్టాడు. గోధుమరంగు జతలన్నీ తన జీపులో వేయించాడు. ఇక మిగిలిన పని అతనొక్కడిదే. శుక్రవారం భేషు అన్న నోటితోనే పనికిరావని చెప్పాలి. కంపెనీ బయలుదేరే తేదీ వెనక్కి పోతుంది. అది ఎవరి వల్ల పోయిందో పటాలమంతా చెప్పుకుంటుంది. జీపు ఎక్కబోయి, మనసొప్పక, మళ్లీ గుడి మెట్ల దగ్గరికి వచ్చాడు.

పండిట్‌జీ పులిహోర గిన్నె కడుగుతున్నాడు.

"నేను అన్నిసార్లు అడిగాను పండిట్‌జీ. ఇవాళ గుడి ముందు నిలబడి కూడా లోకనాథం నాతో బాగున్నాయనే అన్నాడు. దేవుడి ఎదుట కూడా అబద్ధమేనా?"

పండిట్‌జీ గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకున్నాడు.

"దేవుడి ఎదుట పొద్దుటినుంచీ ఒక్కరూ అబద్ధమాడలేదు సార్. ఆయన వాళ్లనేమీ అడగడు కదా" అన్నాడు.