ఈరమ్మ బీడు

అనగా అనగా, నేలకింకా గట్లు పుట్టని కాలంలో, చూపు ఆనినంత దూరం గడ్డే ఉన్న ఒక సీమలో ఈరమ్మ అనే గొర్రెల కాపరి ఉండేది. మొగుడు లేడు. ఉన్న ఒక్క బిడ్డ పాతకరువులో పోయింది. గొర్రెలూ, గడ్డీ, గడ్డిలో నడిచే బట్టమేక పిట్టా, అదే ఆమె సంసారం.

ఆ పిట్ట ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ వట్టి నేల మీద. మెడ ఎత్తితే నలుదిక్కులా కనబడాలి. కనబడకపోతే గుడ్డునైనా వదిలి పోతుంది.

ఒక ఏడు మళ్ళీ కరువొచ్చింది. పెద్దకాపు గిడ్డయ్య దున్నడానికి మడకలు కట్టించి బీడు మీదికి తోలించాడు. ఈరమ్మ ఎడ్లకు అడ్డం నిలబడింది.

"గిడ్డప్పా, పిట్టకు చోటుంచు."

"పిల్లోళ్ళు ఆకలికి ఏడుస్తాంటే పిట్టకు చోటేంది, ఈరక్కా?"

ఆ ఏడుపు ఆమెకు తెలుసు. అందుకే మొత్తం అడగలేకపోయింది. సగం అడిగింది. గిడ్డయ్య మంచివాడే. సగం వదిలాడు.

మరుసటేడు పంట పండింది, గాదెలు నిండాయి. అయినా మడకలు వచ్చాయి. "గిడ్డప్పా, పిట్టకు చోటుంచు." సగంలో సగం మిగిలింది.

మూడో ఏడు, "గడ్డి నీ గొర్రెలకు, పేరు పిట్టకు" అని మడకవాళ్ళు నవ్వారు. ఈరమ్మ గొర్రెలన్నిటినీ పొరుగూరి వాళ్ళకు తోలేసి ఒట్టి చేతులతో వచ్చింది.

"ఇప్పుడు చెప్పు గిడ్డప్పా. పిట్టకు చోటుంచు."

గిడ్డయ్య తల వంచుకున్నాడు. గుడ్డు చుట్టూ మంచం పట్టేంత చోటు వదిలించి, లేతమొక్కకు వేసినట్టు ముళ్ళకంప వేయించాడు.

"ఇంక గొర్రె తొక్కదు, కుక్క రాదు. సంతోషమేనా?"

"కంప తీయించప్పా. దానికి దూరం కనపడాల."

"కాపలా పెట్టినా తప్పేనా నీకు?"

పిట్ట వచ్చింది. కంప చుట్టూ తిరిగింది. మెడ ఎత్తి చూసింది. పోయింది.

ఈరమ్మ కంప లాగేసింది. మడకవాళ్ళు మళ్ళీ వేశారు. మళ్ళీ లాగింది. మళ్ళీ వేశారు. మూడోసారి లాగడానికి చేతుల్లో చర్మం లేదు. కంపలోకే దూరి, తన నీడ గుడ్డు మీద పడేట్టు పడుకుంది. ఆ ఎండలో అట్లాగే పోయింది. గుడ్డు కూడా పిల్ల కాలేదు.

ఊరంతా ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది.

ఇప్పటికీ ఆ సీమలో తొలి మడక కట్టిన రోజు చేను నడుమ మంచం పట్టేంత చోటు దున్నకుండా వదులుతారు. ఈరమ్మ బీడంటారు దాన్ని. సజ్జముద్ద పెట్టి, "ఈరమ్మా, నీ పిట్టకు చోటుంచినాం" అని దండం పెడతారు. పిట్ట ఎంతుంటుందని పిల్లలు అడిగితే ఒకరు మోకాలు చూపిస్తారు, ఒకరు నడుము చూపిస్తారు. చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ముద్ద కుక్కలు ముట్టకుండా, ఏటేటా ఆ బీడు చుట్టూ కొత్త కంప వేస్తారు.